పాత పేటలు చూడాలంటే: ఏ పేట, ఎవరితో, ఏ వేళ?

కొత్త ఊళ్లో చేతిలో ఉండేది ఒకటి రెండు రోజులే. అక్కడి పాత కట్టడాలు, పడగొట్టకుండా కాపాడుకున్న పాత వీధులు చూడాలని ఉంటుంది. తికమక అక్కడే మొదలవుతుంది. గైడుతో నడవాలా? చెవిలో ఆడియో పెట్టుకుని తిరగాలా? మ్యాపు పక్కన పడేసి కాళ్లు ఎటు పోతే అటు పోవాలా? లేక డబుల్ డెక్కర్ బస్సెక్కి ఊరంతా ఒక చుట్టు చుట్టెయ్యాలా? పాత పేటలు నాలుగైదు ఉంటే వాటిలో ఏది?

నా సలహా ముందే చెప్పేస్తాను. ఒక్క రోజే ఉంటే ఒక్క పేటే చూడండి. పొద్దున తెలిసినవాళ్లతో నడవండి, సాయంత్రం అదే పేటలో ఒంటరిగా మళ్లీ నడవండి. ఒక్క పూటలో నాలుగు పేటలు తిరిగినవాళ్లకు రాత్రికి మిగిలేది రంగురంగుల తలుపుల ఫొటోలే. అయితే ఈ సలహా అందరికీ సరిపోదు, అన్ని ఊళ్లకూ సరిపోదు. ఎక్కడ సరిపోతుందో, ఎక్కడ మార్చుకోవాలో చూద్దాం.

ముందు పేట ఎలాంటిదో తెలుసుకోండి

ఫొటోల్లో పాత పేటలన్నీ ఒకేలా కనిపిస్తాయి. కానీ ఒక్కోదాన్ని కాపాడిన పద్ధతి వేరు. దాన్నిబట్టే చూసే పద్ధతీ మారాలి.

కొన్ని పేటల్లో ఇప్పటికీ జనం కాపురాలు చేస్తుంటారు, పనులు చేసుకుంటుంటారు. మొరాకోలోని ఫెజ్ పాత నగరం అలాంటిది. ఆ సందుల్లోకి కార్లు రావు. సరుకు ఇప్పటికీ గాడిదల మీద, కంచర గాడిదల మీద వెళ్తుంది. అహ్మదాబాద్‌లోని పోళ్లు కూడా ఈ కోవలోవే. ఒకే వృత్తి, కులం లేదా మతం వాళ్లు ఒకచోట చేరి, వీధి మొదట్లో గేటు పెట్టుకుని కట్టుకున్న ఇళ్ల గుంపును పోళ్ అంటారు. చెక్కడపు పని చేసిన చెక్క దూలాలు, పక్షులకు గింజలు వేసే చబూతరో స్తంభాలు, ఇంటి కింద వాననీళ్లు దాచుకునే తొట్లు, ఒక పోళ్ నుంచి మరో పోళ్‌లోకి తీసే చాటు దారులు అక్కడ చూడొచ్చు. 2017లో ఆ పాత నగరం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి వెళ్లింది. మన దేశం నుంచి ఆ హోదా దక్కిన మొదటి నగరం అదే. ఇలాంటి పేటల్లో గోడలు పెచ్చులూడి ఉంటాయి, కరెంటు తీగలు ఫొటోకి అడ్డం వస్తాయి, పక్కనుంచి స్కూటర్ హారన్ కొడుతూ పోతుంది. అవన్నీ చిరాకు పెడతాయనుకుంటే ఇది మీకు తగిన పేట కాదు. నన్నడిగితే మాత్రం మొదటి ఓటు దీనికే. ఇల్లు ఎందుకలా కట్టారో ఆ ఇంట్లో మనుషులు మసలుతుండగా చూస్తే అర్థమైనంతగా, ఖాళీ ఇల్లు చూస్తే అర్థం కాదు.

ఇంకొన్ని పేటలు చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం సర్దిపెట్టినట్టు ఉంటాయి. వియత్నాంలోని హోయి ఆన్‌ను తీసుకోండి. 1999లో యునెస్కో జాబితాకెక్కిన పాత రేవు పట్టణం అది. నడిచేవాళ్ల కోసం కేటాయించిన వేళల్లో బళ్లు రానివ్వరు. ఒక టికెట్ మీద కొన్ని పాత ఇళ్లు, సభా మందిరాలు లోపలికెళ్లి చూడొచ్చు. నడక సుఖం, దారి తప్పే భయం లేదు, పిల్లలతో వెళ్లినా టెన్షన్ ఉండదు. కాకపోతే కింది అంతస్తులు చాలావరకు దుకాణాలైపోయాయి. ఇలాంటి చోట గైడు కన్నా వేళ ముఖ్యం. దుకాణాలు తెరవకముందే ఒక చుట్టు నడిచేస్తే ఇళ్లు కనిపిస్తాయి, ఆ తర్వాత కనిపించేవి సరుకులు.

మూడో రకం పేటలను చాలామంది చులకన చేస్తారు. అవి ధ్వంసమయ్యాక మళ్లీ కట్టినవి. రెండో ప్రపంచ యుద్ధంలో, ముఖ్యంగా నాజీలపై జరిగిన 1944 తిరుగుబాటు తర్వాత, వార్సా పాత నగరంలో 85 శాతానికి పైగా నేలమట్టమైంది. పోలండ్ ప్రజలు దాన్ని తిరిగి లేపారు. అందుకు ఆధారంగా వాడుకున్న వాటిలో 18వ శతాబ్దపు చిత్రకారుడు బెర్నార్డో బెల్లొట్టో గీసిన ఆ నగర వీధుల చిత్రాలు కూడా ఉన్నాయి. 1980లో యునెస్కో ఆ పునర్నిర్మాణాన్నే వారసత్వంగా గుర్తించింది. ‘అసలుది కాదు కదా’ అని దాటేసి వెళ్లడం అన్యాయం. అక్కడి రాజుల కోటలో ఉన్న బెల్లొట్టో చిత్రాలు ముందు చూసి, తర్వాత వీధిలోకి రండి. చిత్రాన్నీ వీధినీ పక్కపక్కన పెట్టి చూసుకునే అవకాశం ఇంకెక్కడ దొరుకుతుంది?

నాలుగోది చట్టం కాపాడిన నివాస పేట. అమెరికాలోని చార్ల్స్‌టన్ 1931లోనే ఒక చారిత్రక ప్రాంతాన్ని గుర్తించి, అక్కడ ఇష్టం వచ్చినట్టు కట్టకూడదని నియమం పెట్టుకుంది. ఆ దేశంలో అలాంటి నియమం అదే మొదటిది. న్యూయార్క్‌కు బుద్ధి వచ్చింది మాత్రం పెన్సిల్వేనియా రైల్వే స్టేషన్‌ను పోగొట్టుకున్నాకే. 1963లో ఆ మహా కట్టడాన్ని కూల్చడం మొదలైంది. జనం గగ్గోలు పెట్టారు. 1965లో కట్టడాల పరిరక్షణ చట్టం వచ్చింది, అదే ఏడాది బ్రూక్లిన్ హైట్స్ ఆ నగరపు మొదటి రక్షిత పేట అయింది. ఇలాంటి చోట ‘ఇదిగో ఇది చూడాలి’ అని వేలు చూపించే ఒక్క కట్టడం ఉండదు. వీధి వరసే చూడాల్సింది. అందుకే తెలియకుండా వెళ్తే ‘ఏముంది, ఇళ్లే కదా’ అనిపించి అరగంటలో వెనక్కి వచ్చేస్తారు. గైడు అవసరం అన్నిటికన్నా ఎక్కువ ఉండేది ఇక్కడే.

గైడా, ఆడియోనా, సొంతంగానా?

గైడు అంటే రాజుల పేర్లు, తేదీలు వల్లించే మనిషి అనుకుంటే ఆ డబ్బు దండగే. అవి ఫోన్లోనే దొరుకుతాయి. మంచి గైడు నేర్పేది గోడను చదవడం.

చార్ల్స్‌టన్‌లో పాత ఇళ్ల గోడల మీద గుండ్రటి ఇనుప బిళ్లలు కనిపిస్తాయి. అలంకారం అనుకుని దాటిపోతాం. 1886 భూకంపం తర్వాత బీటలిచ్చిన గోడలు విడిపోకుండా ఇంటి ఈ చివర నుంచి ఆ చివరకు ఇనుప కడ్డీలు దూర్చి బిగించారు, ఆ కడ్డీల మరలే ఆ బిళ్లలు. అక్కడి ఇళ్లు చాలావరకు వీధి వైపు ఒక్క గది వెడల్పే ఉంటాయి, పొడవంతా లోపలికి పోతుంది. వీధిలో కనిపించే తలుపు తీస్తే ఇల్లు రాదు, పక్కనున్న పొడవాటి వసారా వస్తుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో కాలవ ఒడ్డు ఇళ్ల కొప్పు దగ్గర ఒక దూలం, దానికి కొక్కెం ఉంటాయి. ఇరుకు మెట్ల మీద బరువులు ఎక్కించలేక తాడేసి బయటి నుంచి పైకి లాగి కిటికీలోంచి లోపలికి తీసుకునేవాళ్లు. సరుకు గోడకు కొట్టుకోకుండా చాలా ఇళ్లు వీధి వైపు కాస్త ముందుకు వాలి ఉంటాయి. ప్రాగ్‌లోని నెరుడోవా వీధిలో ఇళ్ల మీద ఒకచోట రెండు సూర్యులు, ఇంకోచోట మూడు ఫిడేళ్లు ఉంటాయి. 1770లో ఇళ్లకు నంబర్లు రాకముందు చిరునామా చెప్పాలంటే ఆ గుర్తులే దిక్కు.

ఇలాంటివి ఒక్కసారి ఎవరైనా చూపిస్తే చాలు, తర్వాత ప్రతి వీధిలోనూ మన కళ్లే పట్టేస్తాయి. గైడుతో నడక ప్రయాణం మొదటి పూట పెట్టుకోమనేది అందుకే. చివరి రోజు సాయంత్రం పెట్టుకుంటే, అప్పటిదాకా చూసినదాంట్లో ఏం వదిలేశామో తెలియడం తప్ప లాభం ఉండదు.

గైడుల్లోనూ రకాలున్నాయి. నగరపాలక సంస్థలు, వారసత్వ పరిరక్షణ సంఘాలు నడిపేవి నాకు నమ్మకం. అహ్మదాబాద్ నగరపాలక సంస్థ 1997 నుంచి ఉదయపు హెరిటేజ్ వాక్ నడుపుతోంది. కాలూపూర్ స్వామినారాయణ్ గుడి దగ్గర మొదలై, పోళ్ల లోపలి నుంచి సాగి, జామా మసీదు దగ్గర ముగుస్తుంది. గుడితో మొదలై మసీదుతో ముగిసే ఆ వరసలోనే నగరం కథ సగం తెలిసిపోతుంది. సొంతంగా వెళ్తే మసీదు దొరుకుతుంది కానీ ఆ మధ్య సందులు దొరకవు.

‘ఫ్రీ టూర్’ అని రాసి ఉండేవి నిజంగా ఉచితం కావు, చివర్లో తోచినంత ఇవ్వాలి. చురుకైన కుర్ర గైడులు, సరదా కబుర్లు, ఊరి మీద మొదటి అవగాహన: వీటికి బాగానే ఉంటాయి. కానీ గుంపు పెద్దది. ముప్ఫై మంది ఇరుకు సందులో ఆగితే అక్కడ ఉండేవాళ్లకు దారి ఉండదు, వెనకున్నవాళ్లకు వినపడదు. పైగా టిప్పు కోసం పని చేసే కథకుడికి పిట్టకథ మీద ఉండే ప్రేమ ఇటుక మీద ఉండదు. రాత్రిపూట దయ్యాల టూర్లైతే వినోదం కోసం వెళ్లండి, కట్టడాల కోసం కాదు.

బుక్ చేసేముందు మూడు సంగతులు అడగండి. గుంపులో ఎంతమంది? ఏ వీధుల గుండా వెళ్తారు? ఏ ఇంట్లోకైనా లోపలికి తీసుకెళ్తారా? రెండో ప్రశ్నకు వీధుల పేర్లు కాకుండా ప్రసిద్ధ కట్టడాల పేర్లే జవాబుగా వస్తే, అది పేట నడక కాదు, ఫొటో స్టాపుల వరస.

ఆడియో గైడు మధ్యస్థం. మన వేగంతో నడవొచ్చు, ఆపొచ్చు, మళ్లీ వినొచ్చు, భాష ఎంచుకోవచ్చు. కానీ ప్రశ్న అడగలేం. ఎత్తైన గోడల మధ్య ఇరుకు సందుల్లో జీపీఎస్ తడబడుతుంది. ‘మీ ఎడమ చేతివైపు చూడండి’ అని అది చెప్పేసరికి మనం పక్క వీధిలో ఉంటాం. కళ్లు గోడ మీద కన్నా ఫోను మీదే ఎక్కువసేపు ఉంటాయి. నేనైతే ఆడియోను వీధుల్లో వాడను. కోట, మ్యూజియంగా మార్చిన పాత భవనం, పెద్ద చర్చి లాంటి చోట్ల లోపలికి వెళ్లాక మాత్రం తప్పకుండా తీసుకుంటాను. గది గదికీ నంబరు ఉంటుంది, దారి తప్పే మాట లేదు.

ఇక సొంతంగా తిరగడం. దీన్ని మించింది లేదని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. రెండో చుట్టుకైతే నేనూ ఒప్పుకుంటాను. మొదటి చుట్టే ఒంటరిగా వెళ్లాలనుకుంటే కాస్త హోంవర్క్ చేసుకోండి. బయల్దేరేముందు ఆ పేట మ్యాపు ఒక పది నిమిషాలు ఊరికే చూడండి, దారి కోసం కాదు, ఆకారం కోసం. అమెరికాలోని సవానా నగరాన్ని 1733లో చిన్న చిన్న చౌకుల చుట్టూ ఇళ్లు వచ్చేలా గీశారు. 24 చౌకుల్లో 22 ఇప్పటికీ ఉన్నాయి. నేల మీద నడిచేటప్పుడు ఒక పార్కు తర్వాత ఇంకో పార్కు వచ్చినట్టే ఉంటుంది, మ్యాపు చూసినవాళ్లకే లెక్క తెలుస్తుంది. ఫెజ్ లాంటి చోట అలాంటి లెక్క దొరకదు. అక్కడ దారి తప్పడమే ఖాయం కాబట్టి, బయటికొచ్చే ఒకటి రెండు దర్వాజాల పేర్లు గుర్తుపెట్టుకోవడమే హోంవర్క్.

నడిచేటప్పుడు తల ఎత్తండి. కింది అంతస్తు దుకాణం మారినప్పుడల్లా మారిపోతుంది, మొదటి అంతస్తు నుంచి పైకే పాత ఇల్లు మిగిలి ఉంటుంది. వీలైతే వెనక సందులోకీ వెళ్లండి. ముందు గోడకు వేసిన సున్నం వెనక గోడ దాకా రాదు, అక్కడే అసలు ఇటుక, పాత రాయి, పూడ్చేసిన కిటికీల ఆనవాళ్లు కనిపిస్తాయి.

బస్సు, సైకిలు, పడవ

ఒకే టికెట్ మీద ఏ స్టాపులోనైనా దిగి మళ్లీ ఎక్కే హాప్ ఆన్ హాప్ ఆఫ్ బస్సు పాత సందుల్లోకి దూరదు. పాత పేట చుట్టూ ఉన్న కొత్త రోడ్లనే ఎక్కువ చూపిస్తుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే, కట్టడాలు ఊరంతా దూరదూరంగా ఉంటే, వాన పట్టుకుంటే బస్సు సరైనదే. మిగతా సందర్భాల్లో ఆ డబ్బు గైడుకు పెట్టండి.

సైకిలు చదునైన ఊళ్లకు బాగుంటుంది, గుండ్రాళ్లు పరిచిన వీధులకు పనికిరాదు. కాలవలున్న ఊళ్లో మాత్రం పడవను తేలిగ్గా తీసుకోకండి. ఆమ్‌స్టర్‌డామ్ కాలవ వీధుల్లో నడిచేవాళ్లకు ఇళ్లు మరీ దగ్గరై, తల బాగా పైకెత్తితే గానీ కొప్పు కనిపించదు. నీళ్ల మీద నుంచైతే వరస మొత్తం ఒక్క చూపులో దొరుకుతుంది.

లోపలికి వెళ్లాలా?

వెళ్లాలి, కానీ ఒక్క ఇంట్లోకి. మూడు పాత భవనాల మ్యూజియాలు వరసగా చూస్తే మూడో దాంట్లో మంచాలు, అద్దాలు అన్నీ కలిసిపోతాయి. రాజభవనం కన్నా మామూలు వర్తకుడి ఇల్లు ఎంచుకోండి. గాలి ఎటునుంచి వచ్చేది, వంట ఎక్కడ జరిగేది, సరుకు ఎక్కడ దాచేవాళ్లు, ఆడవాళ్లకు దారి ఎటు అన్నవి అక్కడే తెలుస్తాయి.

తేదీలు మార్చుకునే వీలుంటే ఇంకో మంచి దారి ఉంది. ఫ్రాన్స్ 1984లో మొదలుపెట్టిన వారసత్వ దినాలు ఇప్పుడు సెప్టెంబర్ మూడో శనాదివారాల్లో జరుగుతాయి. మామూలుగా జనాన్ని రానివ్వని ప్రభుత్వ భవనాల తలుపులు కూడా ఆ రెండు రోజులు తెరుస్తారు. లండన్‌లో 1992 నుంచి జరుగుతున్న ఓపెన్ హౌస్ కూడా ఇలాంటిదే. క్యూలు బారెడు ఉంటాయి, పేరున్న వాటికి ముందే నమోదు చేసుకోవాలి. అయినా కట్టడాల మీద నిజంగా ఇష్టం ఉన్నవాళ్లు టికెట్లు ఆ తేదీలకే తీసుకోవడం మేలు.

ఇంకో మాట. కొన్నిచోట్ల కాపాడింది ముందు గోడ ఒక్కటే, వెనకంతా కొత్త ఆఫీసు కట్టేసి ఉంటారు. బ్రస్సెల్స్ ఈ పనికి బాగా పేరుపడింది. పట్టుకోవడం సులువు. రోడ్డు అవతలి పక్క నిలబడి కిటికీల్లోంచి చూడండి. లోపలి శ్లాబు కిటికీ మధ్యలో అడ్డంగా కనిపించినా, పాత కిటికీల వెనక ఆఫీసు ట్యూబ్ లైట్ల వరస కనిపించినా విషయం అర్థమవుతుంది. అలాంటి వీధి కోసం సగం రోజు కేటాయించనక్కర్లేదు.

వేళ, హద్దులు, బస

పొద్దున్నే వెళ్లమని అందరూ చెప్తారు, అది నిజమే. అయితే వీధి ఏ దిక్కుకు ఉందో కూడా చూసుకోండి. తూర్పు ముఖం ఇళ్ల చెక్కడాలు ఉదయపు ఏటవాలు ఎండలో స్పష్టంగా కనిపిస్తాయి, పడమటి ముఖానివి సాయంత్రం. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు లోపలికెళ్లి చూసేవి పెట్టుకోండి. ఇటలీలోని బొలోన్యా లాంటి ఊరైతే ఎండకూ వానకూ వెరవక్కర్లేదు. అక్కడ వీధుల వెంట కమానుల వసారాలు మొత్తం కలిపితే 62 కిలోమీటర్లు ఉంటాయి, 2021లో వాటిలో కొన్నిటికి యునెస్కో గుర్తింపు వచ్చింది. పెద్దవాళ్లతో నడవడానికి నేను ముందుగా చెప్పే ఊరు అదే.

జనం కాపురం ఉండే పేటల్లో ఇప్పుడు హద్దులు పెరుగుతున్నాయి. సియోల్‌లోని బుక్‌చోన్ పాత ఇళ్ల పేటలో కొన్ని వీధుల్లోకి సందర్శకులను ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకే రానిస్తున్నారు. క్యోటోలోని గియోన్‌లో 2024 నుంచి కొన్ని ప్రైవేటు సందులు పర్యాటకులకు మూసేశారు. పొద్దున్నే వెళ్లాలనే సలహా బుక్‌చోన్‌లో పనిచేయదన్నమాట. బయల్దేరేముందు ఆ ఊరి అధికారిక వెబ్‌సైట్ ఒకసారి చూడండి, పాత బ్లాగుల్లో రాసిన వేళలు నమ్మకండి.

బస పాత పేటలోపలా, బయటా? రెండు రాత్రులుంటే ఒక రాత్రైనా లోపల ఉండమంటాను. పగటి గుంపులు వెళ్లిపోయాక, మళ్లీ వచ్చేలోపు ఆ వీధులు మీవి. ఇబ్బందులూ ఉన్నాయి: లిఫ్టు ఉండదు, కారు గుమ్మం దాకా రాదు, సూట్‌కేసు చక్రాలు రాళ్ల మీద దొర్లవు, శనివారం రాత్రి కింద బార్ ఉంటే నిద్ర ఉండదు. చిన్నపిల్లలు, బరువైన సామాను ఉన్నవాళ్లు పేట అంచున, నడక దూరంలో గది తీసుకుంటే రెండూ దక్కుతాయి. వెనిస్ సంగతి మాత్రం వేరు. 2024 నుంచి అక్కడ కొన్ని రోజుల్లో, ఒక పూట చూసి వెళ్లిపోయేవాళ్ల దగ్గర ప్రవేశ రుసుము తీసుకుంటున్నారు. రాత్రి నగర పరిధిలో బస చేసేవాళ్లకు అది లేదు, కానీ మినహాయింపు కోసం ముందే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుని కోడ్ తీసుకోవాలి.